బోరు నీళ్లలో పెట్రోలు జాడ: నమూనా సేకరించే పద్ధతి



నీటి పరీక్ష అనగానే మనకు ప్రయోగశాల, అందులోని ఖరీదైన యంత్రాలు గుర్తుకు వస్తాయి. కానీ యంత్రం ఎంత గొప్పదైనా తనకు అందిన సీసాలో ఏముందో అదే చెబుతుంది. బావి దగ్గర సీసా నింపేటప్పుడే గాలిలో కలిసిపోయిన పదార్థం సంగతి దానికి తెలియదు. భూగర్భ జలంలో పెట్రోలు, డీజిలు కలిశాయేమో చూసే పరీక్షకు ఈ మాట మరీ బాగా వర్తిస్తుంది. ఎందుకంటే పెట్రోలులోని ప్రమాదకరమైన పదార్థాలు సులభంగా ఆవిరైపోతాయి. నీళ్లను కుదిపినా, ఎత్తు నుంచి పోసినా, ఎండలో పెట్టినా అవి తగ్గిపోతాయి. అప్పుడు కలుషితమైన బావి కూడా రిపోర్టులో మంచి బావిగా కనిపిస్తుంది. ఆ రిపోర్టును నమ్మి ఒక కుటుంబం ఏళ్ల తరబడి అదే నీరు తాగవచ్చు. అందుకే ఈ పాఠంలో పరీక్ష కంటే ముందు జరగవలసిన పనిని, అంటే నమూనా సేకరణను, క్రమంగా నేర్చుకుందాం.

మన చిక్కపేటకు ఈ పాఠం ఎందుకు?

కెంపేగౌడ 1537లో కట్టించిన పేట ప్రాంతంలోనే మన చిక్కపేట ఉంది. ఆ రోజుల్లో ఊరికి చెరువులు, బావులే ఆధారం. పక్కనే ఉన్న ధర్మాంబుధి చెరువు ఎండిపోయి తర్వాతి కాలంలో మెజెస్టిక్ బస్‌స్టాండు అయింది. 1890ల్లో హెసరఘట్ట నీరు, 1974లో కావేరి నీరు నగరానికి వచ్చాయి. అయినా బోరు నీటి అవసరం తీరలేదు. హోటళ్లు, లాడ్జీలు, వాణిజ్య సముదాయాలు, పాత ఇళ్లు నేటికీ బోరు మీదో ట్యాంకరు మీదో ఆధారపడుతున్నాయి. ట్యాంకరు తెచ్చేది కూడా చాలాసార్లు ఎక్కడిదో ఒక బోరు నీరే. 2024 వేసవిలో నగరంలో వేల బోర్లు ఎండిపోయినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసివచ్చింది.

ఇంత ఇరుకైన పేటలో నేల మీద, నేల కింద ఇంధనం కూడా ఉంటుంది. పెట్రోలు బంకుల భూగర్భ ట్యాంకులు, దుకాణ సముదాయాల డీజిలు జనరేటర్లు, మెకానిక్ షెడ్లు మనకు తెలిసినవే. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త పెట్రోలు బంకులకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం బడులు, పది పడకలకు తక్కువ కాని ఆసుపత్రులు, నివాస ప్రాంతాల నుంచి కొత్త బంకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. స్థలం ఇబ్బంది ఉంటే అదనపు భద్రతా ఏర్పాట్లు చేసి 30 మీటర్లకు తగ్గకుండా చూడాలి. అయితే ఇది కొత్తవాటికి పెట్టిన నియమం. పాత పేటల్లో అంతకుముందే ఇళ్లు, బోర్లు, బంకులు పక్కపక్కనే వెలిశాయి.

ఇలాంటి ప్రమాదం నిజంగా జరిగిన చోటు మనకు దూరంలో లేదు. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలో తండయార్‌పేట ఉంది. ఓడరేవు నుంచి అక్కడి చమురు నిల్వ కేంద్రానికి నేల కింద గొట్టపు మార్గం వెళుతుంది. 2013లో ఆ ప్రాంతంలో ఇళ్ల బోర్ల నుంచి ఇంధనం వాసనతో నీరు వచ్చింది. గొట్టం నుంచి కారిన ఇంధనమే కారణమని తేలింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం ముందుకు వెళ్లింది. ఇళ్ల వాళ్లకు వాసన తెలిసింది కాబట్టి విషయం బయటపడింది. వాసన తెలియనంత తక్కువగా కలిసి ఉంటే? అప్పుడు నమూనా ఒక్కటే చెప్పగలదు.

నేల కింద ఇంధనం ఏం చేస్తుంది?

పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో బెంజీన్, టొలుయిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ అనే నాలుగింటిని కలిపి బీటెక్స్ అంటారు. ఇవి మిగతావాటి కంటే నీళ్లలో ఎక్కువగా కరుగుతాయి, సులభంగా ఆవిరవుతాయి. డీజిలులో ఇవి తక్కువ, బరువైన హైడ్రోకార్బన్లు ఎక్కువ. అందువల్ల పెట్రోలు అనుమానానికి ఒక పరీక్ష, డీజిలు అనుమానానికి మరొక పరీక్ష చేయించాలి. రెండూ అనుమానమైతే రెండూ చేయించాలి.

ట్యాంకు నుంచి కారిన ఇంధనం మట్టిలో కిందికి దిగుతుంది. కొంత మట్టి రేణువులకు అంటుకుంటుంది. మిగిలింది నీటి మట్టం దాకా వెళ్లి, నీటి కంటే తేలిక కాబట్టి పైన పొరలా తేలుతుంది. ఆ పొర నుంచి బీటెక్స్ మెల్లగా నీళ్లలో కరిగి, నీరు కదిలే వైపు కదులుతుంది. కొంత ఆవిరై పైకి వచ్చి సెల్లార్లలో, సంపుల్లో చేరుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు కొంత ఇంధనాన్ని తినేస్తాయి. ఇప్పుడు మన పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. సూక్ష్మజీవులు ముందుగా దాని పని పడతాయి కనుక బెంజీన్ మరికొంత కాలం మిగిలిపోయే వీలుంది.

తండయార్‌పేట సముద్రతీరపు ఇసుక నేల. ఇసుకలో నీరు అన్ని వైపులా కొంత సమంగా పాకుతుంది. బెంగళూరు అలాంటిది కాదు. లాల్‌బాగ్ కొండ మీద మనం ఎక్కి కూర్చునే నైస్ రాయి దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది. నగరం కింద ఉన్నది ఇలాంటి రాయే. పైన కొంత లోతు వరకు రాయి శిథిలమై మట్టిలా ఉంటుంది, దాని కింద గట్టి రాయి, ఆ రాతిలో పగుళ్లు. నీరు ఆ పగుళ్ల వెంటే నడుస్తుంది. కాబట్టి పక్కింటి బోరు శుభ్రంగా ఉంది గనుక మనదీ శుభ్రమే అనుకోకూడదు. పక్కింటిది పాడైంది గనుక మనదీ పాడైందని కూడా అనుకోకూడదు. ప్రతి బోరుకూ దాని నమూనా దానికే తీయాలి.

ఎంత ఉంటే ప్రమాదం?

బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని, ముఖ్యంగా రక్త క్యాన్సర్‌కు కారణమవుతుందని రుజువైంది. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అమెరికాలో పరిమితి ఇందులో సగం, 0.005 మిల్లీగ్రాము. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఖనిజ తైలం లీటరుకు 0.5 మిల్లీగ్రాము మించకూడదు.

ఈ అంకెలు ఎంత చిన్నవో ఒక లెక్కతో చూద్దాం. మన ప్రమాణాల ప్రకారం పెట్రోలు ఘనపరిమాణంలో బెంజీన్ 1 శాతం దాకా ఉండవచ్చు. అంటే లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్లు. బెంజీన్ సాంద్రత సుమారు 0.88 కాబట్టి అది 8.8 గ్రాములు, అంటే 8,800 మిల్లీగ్రాములు. దీన్ని 0.01తో భాగిస్తే 8,80,000 వస్తుంది. లీటరు పెట్రోలులోని బెంజీన్ అంతా నీళ్లలో కలిస్తే 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని పరిమితి అంచుకు తేగలదన్న మాట. నిజానికి కొంత ఆవిరవుతుంది, కొంత మట్టికి అంటుకుంటుంది, కొంత సూక్ష్మజీవులు తింటాయి. అయినా చిన్న కారుడును చులకన చేయకూడదని ఈ లెక్క చెబుతుంది.

మరి ముక్కును నమ్ముకోవచ్చా? నీళ్లలో బెంజీన్ వాసన తెలియాలంటే లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే పరిమితికి వెయ్యి రెట్లు. పెట్రోలులోని ఇతర పదార్థాల వాసన అంతకంటే ముందే తెలియవచ్చు. కాబట్టి వాసన వస్తే అనుమానించాలి. వాసన రాకపోతే మాత్రం నీరు మంచిదని తేల్చకూడదు.

బయలుదేరే ముందు

1. బావుల పట్టిక రాసుకోవాలి. ప్రతి బావి లోతు, వ్యాసం, కేసింగ్ పైపు ఎంతవరకు దిగింది, పంపు ఏ లోతులో ఉంది, నీరు దేనికి వాడుతున్నారు, వాసన ఎప్పటి నుంచి వస్తోంది అన్నవి ఇంటివారిని అడిగి రాయాలి. బోరు వేసిన మేస్త్రీకి, ఇంట్లోని పెద్దవాళ్లకు ఈ వివరాలు బాగా గుర్తుంటాయి.

2. బావి యజమాని అనుమతి తీసుకోవాలి.

3. శుభ్రంగా ఉందనుకునే బావితో మొదలుపెట్టి, ఎక్కువ అనుమానం ఉన్న బావితో ముగించాలి. వరుస తిరగబడితే ఒక బావి మురికి పరికరాల ద్వారా మరో బావిలోకి చేరుతుంది.

4. సీసాలు ప్రయోగశాల నుంచే తెచ్చుకోవాలి. బీటెక్స్ పరీక్షకు 40 మిల్లీలీటర్ల ముదురు గోధుమరంగు గాజు సీసాలు ఇస్తారు. మూత లోపల టెఫ్లాన్ పూతతో సిలికాన్ బిళ్ల ఉంటుంది. డీజిలు, ఖనిజ తైలం పరీక్షకు లీటరు గాజు సీసా కావాలి. మినరల్ వాటర్ ప్లాస్టిక్ సీసా పనికిరాదు. హైడ్రోకార్బన్లు ప్లాస్టిక్‌లోకి ఇంకుతాయి.

5. ఆ రోజు బండికి పెట్రోలు పోయించుకుని నేరుగా బావి దగ్గరకు రాకూడదు. సెంటు రాసుకోకూడదు. చెరగని మార్కరు పెన్నుల సిరాలో కూడా టొలుయిన్, జైలీన్ వంటి ద్రావకాలు ఉండవచ్చు. సీసాల మీద బాల్‌పెన్‌తో ముందుగానే రాసుకోవడం మంచిది.

బావి దగ్గర: మొదట కొలత

నీళ్లు తోడే ముందే నీటి మట్టం కొలవాలి. టేపు చివర ఉన్న కొన నీటిని తాకగానే శబ్దం చేసే పరికరం దీనికి వాడతారు. చమురు పొర ఉండవచ్చనుకుంటే చమురుకు ఒక శబ్దం, నీటికి మరో శబ్దం చేసే పరికరం కావాలి. పెట్రోలు బంకుల్లో డిప్ రాడ్‌కు పేస్టు రాసి ట్యాంకు అడుగున నీరుందేమో చూడటం మీరు గమనించి ఉంటారు. ఇక్కడ మనం వెతికేది తలకిందులు, నీటి మీద చమురు. పొర కనిపిస్తే దాని మందం రాసుకోవాలి. ఆ బావిలో కరిగిన బీటెక్స్ కోసం మామూలు నమూనా తీసి ప్రయోజనం లేదు. పొర ఉండటమే సమాధానం.

ఒక జాగ్రత్త. బెంగళూరు బోర్లలో పంపు వందల అడుగుల లోతులో ఉంటుంది. తేలే పొర ఉండేది పైన. కాబట్టి లోతు బోరు నీరు బాగున్నా పై పొరల్లోని కాలుష్యం దానికి తెలియకపోవచ్చు. దర్యాప్తు పూర్తిగా జరగాలంటే నీటి మట్టానికి అడ్డంగా చీలికల పైపు ఉండేలా ప్రత్యేక పరిశీలక బావులు తవ్వుతారు. ఇది నిపుణుల పని.

నీరు ఏ వైపు కదులుతోందో తెలుసుకోవడానికి ఒకే సరళరేఖలో లేని మూడు బావులైనా కావాలి. పైపు మూతి ఎత్తులోంచి నీటి లోతు తీసేస్తే నీటి మట్టం ఎత్తు వస్తుంది. ఉదాహరణకు:

క బావి: 100.00 – 8.40 = 91.60 మీటర్లు
చ బావి: 99.20 – 7.90 = 91.30 మీటర్లు
ట బావి: 100.50 – 8.60 = 91.90 మీటర్లు

లోతు అంకె అన్నిటికంటే ఎక్కువ ఉన్న ట బావిలోనే నీటి మట్టం అన్నిటికంటే ఎత్తుగా ఉంది చూడండి. నీరు స్థూలంగా ట వైపు నుంచి చ వైపుకు పోతుంది. అనుమానం ఉన్న ట్యాంకుకు ఎగువన ఒక బావి, దిగువన రెండు బావులు పరీక్షిస్తే పోల్చడానికి వీలవుతుంది. రాతి పగుళ్లలో ఇది అంచనా మాత్రమేనని మరచిపోకండి.

నిలవ నీరు తీసేయడం

పైపులో నిలిచిన నీటికి గాలి తగులుతుంది, బీటెక్స్ తగ్గిపోతుంది. కనుక ఆ నీరు తీసేసి, నేలలోంచి కొత్తగా ఊరిన నీటిని పట్టాలి. పాత పద్ధతిలో పైపులోని నీటికి మూడింతలు తోడేస్తారు. పైపు లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు, అందులో నీరు 6 మీటర్లు ఉంటే:

3.14 × 0.05 × 0.05 × 6 = 0.047 ఘనపు మీటర్లు, అంటే 47 లీటర్లు. మూడింతలు 141 లీటర్లు.

ఇంటి బోరులో 16.5 సెంటీమీటర్ల వ్యాసం, 60 మీటర్ల నీరు ఉంటే ఇదే లెక్కకు దాదాపు 3,850 లీటర్లు వస్తుంది. నీటి కరువున్న నగరంలో ఇది సాధ్యం కాదు. అందువల్ల రోజూ నడిచే బోరైతే పంపు వేసి నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత కొలుస్తూ ఉంటారు. అంకెలు నిలకడకు వచ్చాక నమూనా పడతారు. పరిశీలక బావిలో అయితే చిన్న పంపుతో నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల చొప్పున మెల్లగా తోడతారు. మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి కొలిచి, వరుసగా మూడుసార్లు పీహెచ్ తేడా 0.1 లోపు, వాహకత తేడా 3 శాతం లోపు ఉంటే నీరు నిలకడకు వచ్చినట్లు.

తోడిన నీరు కలుషితమైందని అనుమానం ఉంటే మోరీలో పారబోయకూడదు. డ్రమ్ములో పట్టి, ఏం చేయాలో అధికారులను అడగాలి.

సీసా నింపడం

గోలీ సోడాను గ్లాసులో రెండు రకాలుగా పోసి చూడండి. ఎత్తు నుంచి పోస్తే బుస్సున పొంగి గ్యాసు పోతుంది. గ్లాసు వంచి గోడ వెంట మెల్లగా పోస్తే గ్యాసు చాలావరకు నిలుస్తుంది. బీటెక్స్ కూడా సోడాలోని గ్యాసు లాంటిదే, కంటికి కనిపించదు అంతే. ఈ పోలిక మనసులో పెట్టుకుంటే కింది నియమాలన్నీ సులభంగా అర్థమవుతాయి.

1. నమూనా పంపు దగ్గరి కుళాయి నుంచే పట్టాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, ఫిల్టరు, సాఫ్ట్‌నర్ దాటిన నీరు పనికిరాదు. కుళాయి మూతికి జల్లెడ ఉంటే విప్పేయాలి.

2. ప్రతి బావికీ కొత్త నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోవాలి.

3. బీటెక్స్ సీసాలు అన్నిటికంటే ముందు నింపాలి. సీసాను నమూనా నీళ్లతో కడగకూడదు. కడిగితే ప్రయోగశాల ముందే వేసి ఇచ్చిన ఆమ్లం పోతుంది. ఆ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్కలు సూక్ష్మజీవులను చంపడానికి వేసినవి. లేకుంటే దారిలోనే అవి బెంజీన్‌ను తినేస్తాయి.

4. ధార సన్నగా పెట్టి, సీసా వంచి గోడ వెంట నింపాలి. నీరు మూతి మీద చిన్న బుడిపెలా ఉబ్బి నిలవాలి. అప్పుడు మూత బిగించాలి.

5. సీసా తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. గాలి బుడగ కనిపిస్తే ఆ సీసా పక్కన పెట్టి కొత్తది నింపాలి. బుడగ ఉంటే బీటెక్స్ నీళ్లలోంచి బుడగలోకి చేరుతుంది.

6. బెంగళూరు బోరు నీరు చాలాచోట్ల గట్టి నీరు, అంటే సున్నపు ఉప్పులు ఎక్కువ. ఆమ్లం తగలగానే కొన్ని నీళ్లు నురగ కక్కి బుడగలు వస్తాయి. అలాంటప్పుడు ఆమ్లం లేని సీసాలో పట్టి, ఆ విషయం రాసి పంపాలి.

7. ఒక్కో బావికి రెండు మూడు బీటెక్స్ సీసాలు నింపాలి. ఒకటి పగిలినా ఇంకొకటి ఉంటుంది.

8. ఖనిజ తైలానికి పట్టే లీటరు సీసాను కూడా నమూనా నీటితో కడగకూడదు. నూనె గోడకు అంటుకుంటుంది. ప్రయోగశాల వారు సీసాలోని నీరంతా వాడి, గోడలను కూడా ద్రావకంతో కడిగి లెక్కలోకి తీసుకుంటారు.

9. వెంటనే మంచు పెట్టెలో సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు. ఆమ్లం ఉన్న బీటెక్స్ నమూనాను 14 రోజుల్లో, ఆమ్లం లేనిదాన్ని 7 రోజుల్లో పరీక్షించాలి. వీలైతే అదే రోజు అందజేయడం మేలు.

ఒకసారి వెనక్కి చూడండి. నిలవ నీరు, ధార జోరు, బుడగ, ప్లాస్టిక్, ఎండ, ఆలస్యం: ఇవన్నీ బెంజీన్ అంకెను తగ్గించే తప్పులే. అందుకే అజాగ్రత్తగా తీసిన నమూనా మంచి ఫలితం ఇస్తే అది ఇంటివారికి ఊరట కాదు, ప్రమాదం.

తప్పును పట్టుకునే సీసాలు

అంకెను పెంచే తప్పులు కూడా కొన్ని ఉన్నాయి. చేతికి అంటిన పెట్రోలు, పక్కన నడుస్తున్న జనరేటరు పొగ, బండి డిక్కీలోని డబ్బా వీటికి కారణాలు. ఇలాంటి ఫలితంతో ఒక బంకు యజమానిని నిందిస్తే ఆయనకు, అక్కడ పనిచేసేవారికి అన్యాయం జరుగుతుంది. అందుకే బావి నమూనాలతో పాటు ఈ సీసాలూ పంపుతారు.

ప్రయాణ బ్లాంక్: ప్రయోగశాలలోనే శుద్ధ జలం నింపి మూసిన సీసా. మనతో వచ్చి, తెరవకుండానే తిరిగి వెళుతుంది. అందులో టొలుయిన్ కనిపిస్తే అది దారిలో చేరిందన్న మాట.

క్షేత్ర బ్లాంక్: శుద్ధ జలాన్ని బావి దగ్గర నిలబడి సీసాలో పోసినది. అక్కడి గాలి ప్రభావం తెలుస్తుంది.

పరికర బ్లాంక్: కడిగిన పరికరం మీదుగా శుద్ధ జలం పోసి పట్టినది. కడగడం సరిగా జరిగిందో లేదో తెలుస్తుంది.

జంట నమూనా: ఒకే బావి నుంచి వెంటవెంటనే తీసి, వేరే పేరుతో పంపేది. రెండు ఫలితాల తేడాను వాటి సగటుతో భాగించి శాతం కడతారు. సాధారణంగా 30 శాతం దాటితే ఎక్కడో పొరపాటు జరిగిందని మళ్లీ చూస్తారు.

కాగితం కూడా నమూనాలో భాగమే

ప్రతి సీసా మీద బావి గుర్తు, తేదీ, సమయం, ఏ పరీక్ష, ఆమ్లం ఉందా లేదా, తీసినవారి పేరు ఉండాలి. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్ని గంటలకు మారిందో ఒక పత్రంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. బ్యాంకులో నగదు అప్పగించినట్టే ఇది కూడా.

చట్టం దీనికి చాలా విలువ ఇస్తుంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, వ్యర్థజలాల నమూనా తీసే అధికారి ముందుగా నోటీసు ఇవ్వాలి. నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకం చేయాలి. ఆ విధి పాటించకపోతే ఫలితం కోర్టులో నిలవదు. మనం సొంతంగా తీయించిన నమూనాకు ఆ హోదా ఉండదు. కానీ కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయడానికి, అధికారిక నమూనా తీయమని అడగడానికి అది బలమైన ఆధారం అవుతుంది.

రిపోర్టు చదవడం

ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే చాలదు. ఆ గుర్తింపు మనకు కావలసిన పరీక్షకు వర్తిస్తుందా అని అడగాలి. రిపోర్టులో ‘కనుగొనబడలేదు’ అని ఉంటే, కనుగొనగల కనీస పరిమితి ఎంతో చూడాలి. బెంజీన్‌కు మనం పోల్చేది 0.01 అయితే, 0.05 కంటే తక్కువను చూడలేని పద్ధతితో ‘కనుగొనబడలేదు’ అన్నా మనకు తెలిసింది ఏమీ లేదు. అలాగే ఒక్కసారి పరీక్ష చాలదు. వానలకు నీటి మట్టం పెరిగి, మట్టికి అంటుకున్న ఇంధనాన్ని మళ్లీ తాకుతుంది. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడాలి.

తల్లిదండ్రులకు మనవి

నీటిలో ఇంధనం వాసన వస్తే తాగడం, వంట చేయడం వెంటనే ఆపండి. కాచితే పోతుందిలే అనుకోకండి. కాచినప్పుడు ఆవిరి వంటింట్లోనే చేరి మన ఊపిరిలోకి వస్తుంది. ఆర్‌ఓ యంత్రం ఉంది కదా అని కూడా ధీమా పడవద్దు. స్నానానికి వాడినా ఆవిరి పీల్చినట్టే. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, సంపుల్లో, సెల్లార్లలో, పాత బావుల్లో అడుగున చేరుతుంది. అక్కడ అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్చి వేయకూడదు. పిల్లలను గానీ పనివాళ్లను గానీ లోపలికి దింపకూడదు. బయటికి వచ్చి 112కు ఫోన్ చేయాలి.

విద్యార్థులు అనుమానం ఉన్న బావుల దగ్గర సొంతంగా నమూనాలు తీయకూడదు. శిక్షణ ఉన్నవారి వెంట వెళ్లి చూడవచ్చు. ఇంటి దగ్గర మంచి నీటితో, చిన్న గాజు సీసాతో బుడగ లేకుండా నింపడం సాధన చేయవచ్చు. వినడానికి తేలికే గానీ మొదటిసారే కుదరడం కష్టం.

ఈ దారిలో పై చదువులు

ఈ పనిలో భూగర్భ శాస్త్రం, రసాయన శాస్త్రం, సివిల్ ఇంజనీరింగ్, సూక్ష్మజీవ శాస్త్రం, న్యాయశాస్త్రం కలుస్తాయి. ఎమ్మెస్సీ జియాలజీ, హైడ్రోజియాలజీ, కెమిస్ట్రీ వంటివి చదివినవారు యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా కేంద్ర భూగర్భ జల మండలిలో శాస్త్రవేత్తలు కావచ్చు. గేట్‌లో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్‌కు ప్రత్యేక పేపరు ఉంది. హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధనకు పేరున్నవి. ఎండలో నిలబడి ఓపికగా పని చేయగలిగిన అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా ఇది తగిన వృత్తి. డాక్టరు, ఇంజనీరు అనే రెండు మాటలతో ఆగకుండా పిల్లలకు ఈ దారి కూడా చూపించండి.

అభ్యాసం

1. పైపు వ్యాసం 15 సెంటీమీటర్లు, నీరు 8 మీటర్లు. మూడింతలు తోడాలంటే ఎన్ని లీటర్లు?
2. జంట నమూనాల్లో బెంజీన్ 0.040, 0.050 మిల్లీగ్రాములు వచ్చింది. తేడా ఎంత శాతం? నీరు తాగవచ్చా?
3. బావి నమూనాలోనూ ప్రయాణ బ్లాంక్‌లోనూ టొలుయిన్ కనిపించింది. ఏం చేయాలి?
4. సంపు నుంచి ప్లాస్టిక్ సీసాలో పట్టిన నీటిలో బెంజీన్ కనుగొనబడలేదు. బోరు మంచిదని చెప్పవచ్చా?

జవాబులు

1. పైపులో సుమారు 141 లీటర్లు, మూడింతలు సుమారు 424 లీటర్లు.
2. 22 శాతం. కొలత నమ్మదగినదే. రెండు అంకెలూ 0.01 దాటాయి కనుక తాగకూడదు.
3. దారిలో కలిసిందేమో అని అనుమానించి, కారణం వెతికి, మళ్లీ నమూనా తీయాలి. ఎవరినీ నిందించకూడదు, బావి మంచిదనీ ప్రకటించకూడదు.
4. చెప్పకూడదు. ఆ సీసా బోరు గురించి ఏమీ చెప్పలేదు.

నాలుగో ప్రశ్నకు ‘చెప్పవచ్చు’ అని రాసినవారు సీసా నింపే భాగాన్ని మరొకసారి చదవండి. ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించండి. బోరు స్విచ్చి వేసేది ఎక్కువగా వాళ్లే కదా.